జీను కరిచిన చోటు

అల్లిపురం సందు మొగలో
చెప్పులు కుట్టే మనిషిని నేను.
అరిగిన మడమ చూసి ఏ మోకాలు నొప్పో చెప్తాను.
చెప్పు కరిచిందంటాం,
దానికి పళ్ళెక్కడివని ఎవరూ అడగరు.

శుక్రవారం ఖాదర్‌వలీ జీను తెచ్చాడు.
బీచిలో గుర్రం తిప్పుతాడు,
కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ దాకా, వంద రూపాయలు.
"పట్టీ తెగింది మామా, సాయంత్రానికి కావాలి.
దానికీమధ్య పొగరు పట్టింది,
పట్టీ బిగిస్తుంటే కొరకడానికొస్తోంది."

కుట్టేసి, తిరగేసి చూద్దును కదా
ఎడమవైపు మెత్త అణిగి అప్పడమైపోయింది.
చెక్క అంచు నున్నగా మెరుస్తోంది,
రోజూ దేన్నో ఒరుసుకుంటే తప్ప
చెక్కకి రాని మెరుపు.

కొట్టు మూసి బీచికి పోయాను.
గుర్రం పేరు హుద్‌హుద్. తుపాను ఏడు పుట్టిందట.
మీద ఒక పిల్ల నవ్వుతోంది,
తండ్రి ఫోను పైకెత్తి నవ్వుతున్నాడు.
గుర్రం చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి.
కంటిపైన ముడత,
లెక్క కుదరని కిరాణా కొట్టువాడి నుదుటి మీద ఉంటుందే, అలాంటిది.
ఈగ లేదు, తోక మాత్రం కొట్టుకుంటోంది.
"టాటా చెప్తోందిరా!" అన్నాడెవడో.
కళ్ళెం గుంజితే నోరు తెరిచింది, సకిలించలేదు.
నోరులేని జీవం అంటారు.
నోరుంది. అందులో ఇనుముంది.

నాకొచ్చిన చదువు ఒకటే, ఇసక మీద అచ్చులు చూశాను.
మూడు బాగానే దిగాయి.
వెనక ఎడమది దిగలేదు, గీసుకుపోయింది.
అలొచ్చి చెరిపింది. తిరుగు దారిలో మళ్ళీ అదే గీత.
ఎన్నాళ్ళుగా రాస్తోందో ఈ అర్జీ.

"జీను దించు."
"గిరాకీ టైము మామా..."
"దించరా."

ఒళ్ళంతా చెమట, వీపు మీద రెండు చోట్ల పొడి.
ఆ పొడిచోట ఎర్ర వెంట్రుకల మధ్య తెల్లవి.
"పుట్టుమచ్చలు" అన్నాడు.
"పుట్టినప్పుడు లేవురా ఇవి."
వేలు ఆనిందో లేదో
వీపు మొత్తం కిందికి జారిపోయింది,
కాలిన పెనం మీంచి చెయ్యి లాక్కున్నట్టు.
వాణ్ణి తిట్టబోయి ఆగాను.
పోయినేడు "ఇంకా బిగువు కావాలి మామా" అంటే
ఆ పట్టీకి రెండు చిల్లులు ఎక్కువ పొడిచింది నేనే.

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ
పళ్ళు చూసింది, వెన్ను తడిమింది, నడిపించి చూసింది.
ఆరు వారాలు జీను ముట్టొద్దంది.
"మందేసి ఎక్కిస్తే తగ్గేది నొప్పి కాదు ఖాదర్,
నొప్పి చెప్పే నోరు."

ఆరు వారాలూ వాడు మురీ మిక్చర్ బండి దగ్గర ఉల్లిపాయలు తరిగాడు.
ఏడవడానికి సాకు దొరికింది మామా, అన్నాడు.
నేను తీగ వంచి దాని వీపు కొలత తీసుకున్నాను,
అట్టముక్క మీద గీసుకున్నాను.
బేరమాడని గిరాకీ.
వెన్నుపూసకి తగలకుండా నడుమ కాలవ వదిలి
రెండుపక్కలా కొత్త ఉన్ని కూరాను.

ఇప్పుడు పెద్దాళ్ళని ఎక్కించడు.
"నాకేం, డెబ్బై కిలోలే" అని గొడవపడేవాళ్ళుంటారు,
వాడు గుర్రానికి నీళ్ళు పెడుతూ వినిపించుకోడు.

మొన్న పట్టీ బిగిస్తుంటే తల తిప్పింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
చొక్కా వాసన చూసి వదిలేసింది.
నమ్మిందనుకోను. కనిపెడుతోంది.
నాలుగో అచ్చు మూడురోజులు దిగుతుంది,
నాలుగోనాడు గీసుకుంటుంది.
గీత పడితే ఆరోజు సెలవు,
జీను నా కొట్టు మేకుకి.

ఆ పాత ఫొటోలే ఇంకా ఎన్ని ఫోన్లలో ఉన్నాయో.
పిల్ల నవ్వుని పెద్దది చేసి చూసుకుంటూ
ఎవరి వేలైనా
కాస్త కిందికి జారి
ఆ కన్ను దగ్గర ఆగుతుందా.